మాల వేసుకున్నన్నాళ్లే మానతారు... మీటింగులకు వెళ్తే నిజంగా మారతారా?

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయన రైస్‌మిల్లులో పనిచేస్తారు. చాలా ఏళ్లుగా తాగుతున్నారు. రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నారు. 41 రోజులు చుక్క ముట్టలేదు, మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. ఈసారి హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్పించాం. మానేసి నెల అవుతోంది. తాగుడు మానినవాళ్లు కలుసుకునే ‘ఏఏ’ మీటింగులకు వెళ్లమని డాక్టరు చెప్పారు. ఈయనేమో ‘నలుగురిలో నిలబడి తాగుబోతునని చెప్పుకోవాల్నా, ఇజ్జత్ పోతది’ అంటున్నారు. అత్తమ్మ ‘కల్లు తాగనియ్, అది మందు కాదు గదా’ అంటోంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించింది ఆ 41 రోజులే. మీ ఆయన మానగలరు. మాలలో ఉన్నప్పుడు తెల్లవారుజామున లేపేవాళ్లున్నారు, కలిసి భజన చేసేవాళ్లున్నారు, గురుస్వామి ఉన్నారు. ‘ఒక్క పెగ్గు వెయ్’ అనేవాళ్లు మాత్రం లేరు. మాల తీశాక ఎవరి దారిన వాళ్లు పోయారు. సాయంత్రం మిల్లు దిగితే ఆయనకు మిగిలింది పాత దోస్తులే. మీటింగుల్లో దొరికేది ఆ పోయిన తోడే. దానికి గడువు ఉండదు.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో మొదలైంది. తాగుడు మానిన కొత్తలో బిల్ అనే ఆయనకు మళ్లీ తాగాలనిపించింది. తనలాగే తాగుడుతో నలిగిపోతున్న బాబ్ అనే డాక్టరుతో గంటల తరబడి మాట్లాడాడు. ఆ మాటలే ఇద్దరినీ నిలబెట్టాయి. ఇప్పటికీ అక్కడ జరిగేది ఇదే. మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు గంటో గంటన్నరో కూర్చుని వంతులవారీగా తమ సంగతి చెప్పుకుంటారు. ఉపన్యాసాలుండవు, తిట్లుండవు. ఫీజు లేదు. ఇష్టమున్నవాళ్లు ఖర్చులకు తోచింది వేస్తారు. ఇంటిపేరు, కులం, జీతం చెప్పుకోనక్కర్లేదు. మానాలనే కోరిక ఉంటే చాలు. దేవుడి మాట వస్తుంది, కానీ ఏ మతానికీ చెందింది కాదు. మొదటి రోజు నోరు విప్పకుండా విని రావచ్చు, ఎవరూ బలవంతపెట్టరు.

ఇజ్జత్ సంగతి మీ ఆయనకు ఇలా చెప్పండి: ఆ గదిలో ఉన్నవాళ్లంతా అదే బాధ పడి వచ్చినవాళ్లు, అక్కడి మాట బయటికి పోనివ్వరు. ‘బెల్టు షాపు దగ్గర పడిపోయినప్పుడు ఏమైంది నీ ఇజ్జత్’ అని మాత్రం, ఎంత కోపమొచ్చినా అనకండి. సిగ్గు పెరిగితే మళ్లీ సీసా వైపే చూస్తారు.

మీటింగు ఎక్కడ దొరుకుతుందో ముందు ఆసుపత్రి కౌన్సిలరునే అడగండి. మానేసిన సభ్యుడొకరు మీ ఆయనతో ఫోన్‌లో మాట్లాడేలా చూడమనండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మీరు పదేళ్లుగా చెప్పినా ఎక్కని మాట, తాగి లారీ పోగొట్టుకున్న మనిషి చెబితే ఎక్కుతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో గ్రూపులున్నాయి. చెకప్‌కు వెళ్లే రోజునే మీటింగు కూడా పెట్టుకుంటే మిర్యాలగూడ నుంచి రైలు ఖర్చు ఒక్కటే అవుతుంది. మిగతా రోజుల్లో ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగులున్నాయి. తెలుగులో ఎప్పుడు జరుగుతాయో ఆ సభ్యుడినే అడగండి. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడమనండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే మత్తు మాన్పించే కేంద్రాల వివరాలు చెబుతారు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది. రెండూ ఉచితమే.

అత్తమ్మ మాట దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. కల్లులోనూ ఆల్కహాలే ఉంటుంది. పైగా మన జిల్లాల్లో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. అలాంటి కల్లుకు అలవాటు పడి ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, మనిషి పిచ్చిగా మాట్లాడవచ్చు. పెద్దావిడకు మీరు చెబితే ఎదురు మాట్లాడినట్లవుతుంది, చెకప్‌కు తోడు తీసుకెళ్లి డాక్టరుతోనే చెప్పించండి. కూరలో తెలియకుండా కలిపే ‘మందు మాన్పించే’ మాత్రలు, పొడులు ఎవరిచ్చినా వద్దు. అవి కడుపులో ఉండగా ఆయన తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఏ దావత్‌లోనో ఒకసారి తాగారనుకోండి. అంతా పోయిందని మీటింగులు మాన్పించకండి, మర్నాడే పంపండి. చాలామంది అలా పడి లేచినవాళ్లే. కొన్నాళ్లు బాగా తాగి ఆపినప్పుడు చేతులు వణికినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో ఉంచకండి, 108కి ఫోన్ చేయండి. మీ మీద చేయి చేసుకుంటే 181 ఉంది.

ఇక మీ సంగతి. ఆయన జేబులు వెతకడం, నోటి వాసన చూడటం, రాత్రంతా గేటు చప్పుడుకు చెవులు రిక్కించడం... ఇది మీ ఆరోగ్యాన్ని తినేస్తోంది. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసమే 1951 నుంచి అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. ఆయన వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు. భర్తను వదిలేయమనో భరించమనో అక్కడ ఎవరూ చెప్పరు. ఆయన ఒప్పుకునేదాకా ఆగకుండా ముందు మీరే మొదలుపెట్టండి. వచ్చాక ‘ఏమన్నరు ఆడ’ అని అడిగితే మీకెలా అనిపించిందో చెప్పండి, అక్కడ విన్న మిగతావాళ్ల సంగతులు మాత్రం చెప్పకండి. తన మాట కూడా అలాగే దాగుతుందని ఆయనకు అర్థమవుతుంది.