అమెరికా కాలేజీల్లో ఆడే పిల్లలకి జీతం ఇవ్వాలా? ఫ్రీ చదువు చాలదా?

చాలదు, ఇవ్వాల్సిందే. పేపర్లో చదివి చెప్తున్న మాట కాదిది.

2014కి ముందు సంగతి. నేను ఎంఎస్ చేస్తూ యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో ట్యూటర్‌గా పనిచేసేవాణ్ణి. అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పాలి. గంటల లెక్కన డబ్బులు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి?

ఒక రాత్రి ఓ కుర్రాడు ప్రాక్టీసు ముగించుకుని మోకాలికి ఐస్ కట్టుకుని వచ్చాడు. అప్పటికే మెస్ మూసేశారు. నేను స్టాండర్డ్ డీవియేషన్ గురించి చెప్తున్నా, వాడి చూపంతా నా టిఫిన్ డబ్బా మీదే. కోడికూర వాసన మరి! పెడదామని మూత తీశానో లేదో, పక్క టేబుల్ దగ్గరున్న సూపర్‌వైజర్ తల అడ్డంగా ఊపింది. ట్యూటర్ ఆటగాడికి తిండి పెడితే, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూలు తప్పినట్టట, వాణ్ణి ఆటలోంచి తీసేసినా తీసేస్తారట. అప్పటి రూళ్ళు ఎంత దిక్కుమాలినవంటే, కాలేజీవాళ్ళు ఆటగాడికి బేగెల్ (గుండ్రటి రొట్టె) ఇవ్వొచ్చు, దాని మీద క్రీమ్ చీజ్ పూస్తే మాత్రం తప్పు! మూత పెట్టేశాను. ఆ పక్కనే ఉన్న యూనివర్సిటీ షాపులో వాడి నంబరు జెర్సీ అమ్ముతున్నారు. పేరు వేయరు, నంబరొక్కటే. పాఠం చెప్పే నాకు డబ్బులొస్తాయి, స్టేడియం నింపేవాడికి పైసా రాదు.

2014లో కనెక్టికట్ బాస్కెట్‌బాల్ ఆటగాడు షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటున్నానని విలేకరులతో అన్నాడు. ఆ టీమ్ ఆ ఏడాది ఛాంపియన్. కొద్ది రోజులకే తిండి మీద పరిమితి ఎత్తేశారు. పరువు పోతే గానీ కదలరు!

"అంత ఖరీదైన చదువు ఊరికే చెప్తున్నారుగా" అంటారు మనవాళ్ళు. సరే, మరి కోచ్ సంగతి? చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది. అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ తన ఉద్యోగం చివరి రోజుల్లో ఏడాదికి కోటి డాలర్ల పైనే తీసుకున్నాడు. ఆ డబ్బు ఎవరి మోకాళ్ళ మీంచి వచ్చినట్టు? పైగా మా ఫీజు బిల్లులో "అథ్లెటిక్ ఫీ" అని ఒకటి. మ్యాచ్ చూసే తీరిక కూడా లేనివాళ్ళం, మేమెందుకు కట్టాలో ఇప్పటికీ అర్థం కాదు.

2021లో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి గడ్డిపెట్టింది. ఆ జూలై నుంచే ఆటగాళ్ళు యాడ్లు చేసుకుని సంపాదించుకుంటున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, ఒక్కో కాలేజీ ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచొచ్చు; మొదటి ఏడాది (2025-26) పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆటలు సర్వనాశనమైపోతాయని గగ్గోలు పెట్టినవాళ్ళే శనివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చుంటున్నారు. ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోంది, ఆడపిల్లల వాటా మీద కొట్లాట వేరే ఉంది.

ఇంకోటి. మీ పిల్లల్ని టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద పంపే ఆలోచనుంటే, యాడ్లతో నెలనెలా ఇంతొస్తుందని ఏ ఏజెంటు చెప్పినా నమ్మి సంతకం పెట్టకండి. ఎఫ్-1 మీద అలా సంపాదిస్తే వీసాకే ఎసరు రావచ్చు. ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.