స్టేజీ ఎక్కనివ్వండి, ప్లేస్‌మెంట్స్ ఎక్కడికీ పోవు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నాడు. బెంగళూరులో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడతానని ప్రపోజల్ పంపితే ఒప్పుకున్నారట. అదే వారం కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. అంతమంది ముందు ఇంగ్లీషులో ఏం మాట్లాడతాడో! నాకు ఎరువుల కొట్టు ఉంది, దీనికయ్యే పదిహేను వేలు భారమేమీ కాదు. కాన్ఫరెన్సా, ట్రైనింగా? వాడికి చెప్పకుండా నిర్వాహకులకు మెయిల్ పెట్టి మాన్పించమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఆ చివరి వాక్యం సంగతి. ఆ పని మాత్రం చేయకండి. ఇంటర్ కోచింగ్‌కి అడిగినంత కట్టి ఉంటారు, ఒక్క ప్రశ్న వేసి ఉండరు. ఇప్పుడు పిల్లాడు సొంతంగా ఒకటి సాధించుకుంటే వెనక నుంచి తీసేయిద్దామనుకోవడం తప్పండి. రేపు వాడికి తెలిస్తే ఇంకే విషయమూ మీకు చెప్పడు.

మీ టెన్షన్ ట్రైనింగ్ గురించి కాదు. పదిమందిలో మావాడు నవ్వులపాలవుతాడేమోనని. ఈ మాట నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగారు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే ప్రోగ్రామ్‌ని గణితంలోని ఫంక్షన్ల తరహాలో రాసే పద్ధతి. హాస్కెల్‌లాగే ఆ పద్ధతికి వాడే భాషల్లో ఓకామెల్ పుట్టింది ఫ్రాన్స్‌లో, ఎర్లాంగ్ స్వీడన్‌లో, స్కాలా స్విట్జర్లాండ్‌లో. ఈ రంగంలో పెద్దలనిపించుకున్నవాళ్లలో ఎంతోమందికి ఇంగ్లీషు పరాయి భాషే. వినేవాళ్ల కళ్లు తెర మీది కోడ్ మీద ఉంటాయి, వ్యాకరణం మీద కాదు.

మీరు జతచేసిన ప్రపోజల్ చదివాను. హాస్టల్ మెస్ బిల్లు లెక్క. సెలవు పెట్టిన రోజులు తీసేసి ఎవరి వాటా ఎంతో తేల్చాలి. రోజులకు ఒక టైపు (విలువ ఏ రకానిదో చెప్పే గుర్తు), రూపాయలకు ఇంకో టైపు పెట్టాడు. పొరపాటున రెండూ కలిపి కూడితే ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్, అంటే కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్, ఆపేస్తుంది. బస్తాల వరుసలో రూపాయలు కూడితే ఏమవుతుందో కొట్టు నడిపే మీకు నేను చెప్పాలా? తను చేసిన పని గురించి చెప్పేవాడు తడబడినా నిలబడతాడు.

నా అనుమానాలు కూడా దాచను. కాన్ఫరెన్స్‌లకు వెళ్లి, మెడలో బ్యాడ్జీతో ఫోటో దిగి, లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవడం ఇప్పుడొక మోజు. పది వరుసల ప్రోగ్రామ్ రాయనివాళ్లు మొనాడ్ లాంటి హాస్కెల్ లోతు విషయాల గురించి ఉపన్యాసాలిస్తున్నారు. అలా వెళ్లేవాళ్లకు డబ్బు దండగ అనే చెబుతాను. హాస్కెల్ వస్తే ఉద్యోగం వస్తుందన్న మాటా నేను నమ్మను. బెంగళూరులో జస్‌పే అనే చెల్లింపుల సంస్థ లాంటివి దాన్ని వాడుతున్నాయి, నిజమే, కానీ అలాంటివి కొన్నే. క్యాంపస్ పరీక్షకు జావా, ఎస్‌క్యూఎల్ చదవాల్సిందే. అయితే 2014లో జావా 8తో వచ్చిన లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) ఈ ఫంక్షనల్ దారిలోంచి వచ్చినవే. కాబట్టి నేర్చుకున్నది వృథా కాదు.

ఇక ట్రైనింగ్ వారం. నోట్స్ స్నేహితుల దగ్గర దొరుకుతాయి, టాక్ మాత్రం మళ్లీ దొరకదు. నా పోలిక అంతే.

ఇలాంటి టాక్ ఇచ్చే పిల్లలకు ఒకటే చెబుతుంటాను. మొదటి రెండు నిమిషాలు నోటికి వచ్చేయాలి. కోడ్ స్టేజీ మీద టైప్ చేయొద్దు, ముందే స్లైడ్స్‌లో పెద్ద అక్షరాలతో పెట్టుకోవాలి. తెలియని ప్రశ్న వస్తే "తెలియదు, బయట మాట్లాడుకుందాం" అంటే చాలు. ఆ బయట మాటలే అసలు లాభం. చెన్నై ఐఐటీలో ఓకామెల్ మీద పనిచేసే బృందం ఉంది, 2022 డిసెంబరులో వచ్చిన ఓకామెల్ 5లో మల్టీకోర్ (ఒకేసారి పలు ప్రాసెసర్ కోర్‌లను వాడుకునే వీలు) వెనుక వాళ్ల కృషి ఉంది. అలాంటి చోట్ల పనిచేసేవాళ్లతో టీ తాగుతూ మాట్లాడే అవకాశం మన కాలేజీ పిల్లాడికి ఇంకెక్కడ వస్తుంది? ఆసక్తి నిలిస్తే తర్వాత ఐసీఎఫ్‌పీ ఉంది, 1996 నుంచి జరుగుతున్న ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంతర్జాతీయ పరిశోధన సదస్సు. 2025లో సింగపూర్‌లో పెట్టారు. విద్యార్థి వాలంటీర్లను తీసుకుంటారు, ప్రయాణ సాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మాట్లాడేవాళ్లకు చాలాచోట్ల ఎంట్రీ టికెట్ ఉండదు. అది వాడినే అడిగి తెలుసుకోమనండి. ఈ శనివారం రాత్రి కొట్టు కట్టేశాక వాణ్ని ఎదురుగా నిలబెట్టి ఆ టాక్ తెలుగులో చెప్పించుకోండి. మధ్యలో ఆపకుండా వినండి. అయ్యాక మీ బస్తాల లెక్క అడగండి.