నేపాల్‌లో బడి కడితే ఆర్కిటెక్చర్ సీటుకు పనికొస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారు కువైట్‌లో ఉంటారు. అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఎంపీసీ, ఆర్కిటెక్చర్ చదువుతానంటున్నాడు. పాపకు 11. వేసవి సెలవుల్లో పిల్లలతో, మా తమ్ముడితో కలిసి నేపాల్ కొండపల్లెలో బడిగదులు కట్టే స్వచ్ఛంద పనికి రెండు వారాలు వెళ్దామనుకుంటున్నాం. సర్టిఫికెట్ ఇస్తారట. సీటుకు పనికొస్తుందా?

జవాబు: సీటుకైతే పనికిరాదమ్మా. మన దగ్గర బీఆర్క్‌ (ఆర్కిటెక్చర్ డిగ్రీ)లో చేరడానికి నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాయాలి. ఇలాంటి సర్టిఫికెట్‌కు ఒక్క మార్కూ కలవదు. అమెరికా ఆలోచన ఉంటే, అక్కడ చాలా కాలేజీలకు ఒకేచోట పెట్టే కామన్ యాప్ దరఖాస్తులో ఏ పనైనా వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు చేశావని అడుగుతారు. వివరం రాయడానికి ఇచ్చేది 150 అక్షరాలే. కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంటే చేర్చండి. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు చేసిన పని, రెండు వారాల నేపాల్ కన్నా అక్కడ బరువుగా కనిపిస్తుంది.

పని నేర్చుకోవడానికైతే మాత్రం వెళ్లొచ్చు. మన లంకల్లో ఇల్లు మొదలుపెడితే ముందు చూసేది మెరక. గోదారి పొంగితే గడప మునుగుతుందా, లేదా అని. అక్కడి భయం వేరు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో కూలిన ఇళ్లలో చాలావి మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలవే. ఆ గోడలో లోపల ఒక వరుస, బయట ఒక వరుస, నడుమ చిన్నరాళ్లు ఉంటాయి. గోడ మందమంతా పట్టే పొడుగురాయి నడుమనడుమ పడకపోతే, కుదుపుకు ఏ వరుసకావరుస పొట్ట ఉబ్బి ఊడిపోతుంది. అందుకే ఆ పొడుగురాయిని గోడ పొడవునా 1.2 మీటర్లకొకటి, ఎత్తులో 60 సెంటీమీటర్లకొకటి పెట్టాలి. కిటికీల కింద, గుమ్మాల పైన, కప్పు కింద గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీలు ఉండాలి. మూల తిరిగేచోట లోపలి ఇనుప కడ్డీ తెగిపోతే ఆ పట్టీ ఉన్నా లేనట్టే. అబ్బాయి టేపు పట్టుకుని ఇవి కొలిచి, రోజూ బొమ్మ గీసుకోవాలి. సర్టిఫికెట్ కన్నా ఆ నోటుపుస్తకమే విలువైనది.

డబ్బు కట్టకముందే వాళ్లను అడగండి: డ్రాయింగు మీద ఇంజినీరు సంతకం ఉందా? ఊరి మేస్త్రీలకు కూలి ఎవరిస్తారు? మీరిచ్చే సొమ్ములో సామానుకెంత, మీ తిండికి, పడకకెంత? మీరు వచ్చేశాక మిగతా పని ఎవరిది? వీటికి కాగితం మీద జవాబివ్వకపోతే వదిలేయండి. కార్యక్రమంలో అనాథాశ్రమంలో పిల్లలతో ఫొటోలు కూడా ఉంటే అసలు వద్దు.

గోడ మొత్తం కొత్తవాళ్ల చేతికిచ్చే చోటూ మంచిది కాదు. ఇటుక నానబెట్టకుండా పెడతారు. ఎండు ఇటుక సిమెంటు మాలులో నీళ్లు పీల్చేస్తుంది, అతుకు పొడిపొడిగా రాలుతుంది. రసమట్టం చూసుకోరు. సాయంత్రం మేస్త్రి విప్పి మళ్లీ కట్టాలి. ఇసుక జల్లించడం, రాళ్లందించడం, కట్టిన కాంక్రీటు ఆరకుండా కనీసం ఏడు రోజులు తడపడం... మీకు తగినవి ఇవి. 50 కేజీల సిమెంటు బస్తా ఇద్దరు పట్టాలి. అబ్బాయిని పరంజా ఎక్కనివ్వొద్దు. పాపను సైటులోకే రానివ్వొద్దు.

విమానంలో నేపాల్ వెళ్లడానికి మీకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చాలదు. పిల్లలిద్దరికీ పాస్‌పోర్టులే తీయించండి. మైనర్ల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్జర్ డి అనే ఒప్పుకోలు పత్రం కావాలి. మీవారి సంతకాన్ని కువైట్‌లోని మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి. ఆలస్యమయ్యేది ఇక్కడే, ముందు దాని సంగతి చూడండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు శారీరక శ్రమలో తగిలిన దెబ్బలకు వర్తిస్తుందో లేదో చదవండి. చాలా పాలసీల్లో వర్తించదు. ధనుర్వాతం టీకా వేయించి పదేళ్లు దాటితే మళ్లీ వేయించండి. మే నెలలోనే తిరిగి వచ్చేయండి. జూన్‌లో వానలు పడితే కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి.

టిక్కెట్లు కొనకముందు ఒక పని. మీ ఊళ్లో ఎవరో ఒకరి ఇల్లు కడుతూనే ఉంటారు. అక్కడ మేస్త్రి దగ్గర అబ్బాయిని వారం రోజులు ఉదయం ఎనిమిదింటికి పంపండి. మూడోరోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి పడుకుంటే నేపాల్ మాట ఎత్తకండి.