ఎటూ చేరని హైవే

ప్రశ్న: అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో రెండు కిలోమీటర్లు దాటగానే ఆగిపోయే హైవే ఒకటి ఉందని చదివాను. దాన్ని మధ్యలో ఎందుకు వదిలేశారు? ఎప్పటికైనా పొడిగిస్తారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అది ఒకప్పటి ఇంటర్‌స్టేట్-170 (ఇంటర్‌స్టేట్ అంటే అమెరికా రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే). దీని పొడవు 1.39 మైళ్లు, అంటే సుమారు 2.2 కిలోమీటర్లు. పడమటి నుంచి వచ్చే ఇంటర్‌స్టేట్-70 వాహనాలను నగర కేంద్రానికి చేర్చడానికి దీన్ని తలపెట్టారు. ఈ వైపుగా ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని 1944లోనే న్యూయార్క్‌కు చెందిన ప్రముఖ నగర నిర్మాణ ప్రణాళికకర్త రాబర్ట్ మోసెస్ సూచించారు.

అసలు రహదారి ఇంటర్‌స్టేట్-70 నగరంలోకి రాకముందే దాని కొమ్మ అయిన ఈ రోడ్డును కట్టడం ఇక్కడ జరిగిన పెద్ద అన్యాయం. ఫ్రాంక్లిన్, మల్బరీ వీధుల మధ్య, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు నివసించిన పేటల్లో 971 ఇళ్లను, 62 వ్యాపారాలను తొలగించి, నేలను లోతుగా తవ్వి 1979 నాటికి రోడ్డు పూర్తి చేశారు. ఇప్పుడు ఆ రెండు వీధులూ గట్ల మీద పోతుంటే, వాహనాలు కింద కాంక్రీటు గోడల నడుమ సాగుతాయి. ఒక పేట నుంచి ఎదుటి పేటకు వెళ్లాలంటే వంతెన ఎక్కాల్సిందే.

ఇంటర్‌స్టేట్-70 మాత్రం లీకిన్ పార్కు గుండా రావాల్సి ఉంది. అడవిని తలపించే ఆ పార్కును కాపాడుకోవడానికి స్థానికులు సంఘాలుగా ఏర్పడి కోర్టుకెక్కారు. తగిన ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు పార్కు భూమిని రహదారికి వాడరాదన్న 1966 నాటి ఫెడరల్ చట్టం వారికి అండగా నిలిచింది. 1981లో నగరంలోని ఆ భాగం రద్దయింది. చెట్లకు దొరికిన ఆ రక్షణ, అంతకుముందే కూల్చేసిన ఇళ్లకు దొరకలేదు. కలవాల్సిన రహదారే రాకపోవడంతో కొమ్మకు ఇంటర్‌స్టేట్ హోదా కూడా పోయి, అది యు.ఎస్. 40 అనే మామూలు జాతీయ రహదారిలో భాగంగా మిగిలింది.

ఇక పొడిగింపు సంగతి. హైవేగా దీన్ని పొడిగించే ఆలోచన ఇప్పుడు లేదు. పైపెచ్చు 2010లో పడమటి కొసను కొంత పడగొట్టి, పక్కనున్న రైల్వే స్టేషన్‌కు పార్కింగ్ స్థలం ఏర్పాటు చేశారు. రోడ్డు మధ్య రైలు కోసం విడిచిన వెడల్పాటి జాగాలోంచి రెడ్ లైన్ అనే లైట్ రైల్ వేయాలనుకున్నారు. ఆ పథకాన్ని 2015లో బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్ర గవర్నర్ లారీ హోగన్ రద్దు చేయగా, 2023లో గవర్నర్ వెస్ మూర్ తిరిగి చేపట్టారు. అదే ఏడాది, ఈ లోయ చీల్చిన పేటలను మళ్లీ కలిపే మార్గాలను అధ్యయనం చేయడానికి ఫెడరల్ ప్రభుత్వం 20 లక్షల డాలర్లు మంజూరు చేసింది. రైలు వచ్చినా రాకపోయినా, ఖాళీ అయ్యే నేలలో మొదటి వాటా ఇళ్లకే దక్కాలని, అందులోనూ నాడు ఖాళీ చేయించిన కుటుంబాల వారసులకు ముందు అవకాశం ఇవ్వాలని నా అభిప్రాయం.