మన కొట్టు చరిత్ర రాసే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన నగల కొట్టు చరిత్ర రాస్తున్నావని మీ నాయన చెప్పాడు. సంతోషం. కానీ బోర్డు మీది సంవత్సరంతో మొదలుపెట్టొద్దు. బోర్డు రాయించే రోజు పెయింటర్ అడిగితే మీ తాత నోటికొచ్చిన సంవత్సరం చెప్పాడు. అటక మీద ట్రంకు పెట్టెలో పాత చిట్టాలున్నాయి, అవి దించు.

తూకాల దగ్గర జాగ్రత్త. పాత పుస్తకాల్లో తులాలు, గురిగింజలు ఉంటాయి. తులమంటే 11.66 గ్రాములు, సవరంటే 8. ఇప్పుడు 10 గ్రాములనే తులమనేస్తున్నారు, ఆ లెక్క పాత చిట్టాకు తగిలించావంటే అంతా తారుమారు.

1963 మాత్రం వదలకు. ఆ జనవరిలో 14 క్యారెట్లు మించిన నగ చేయకూడదని గవర్నమెంటు రూలు పెట్టింది. పాలిపోయిన ఆ బంగారంతో తాళిబొట్టు ఎవరు చేయించుకుంటారు? మన దగ్గర పన్నెండేళ్లు పనిచేసిన ఆచారి కుంపటి ఆర్పేసి బెంగళూరు వెళ్లిపోయాడు. మీ తాత వెండి పట్టీలు, మెట్టెలు అమ్మి నెట్టుకొచ్చాడు. 1968లో గోల్డ్ కంట్రోల్ చట్టమొచ్చింది, 1990 దాకా లైసెన్సులు, రిజిస్టర్లు, తనిఖీల టెన్షన్ తప్పలేదు. ఇప్పటి హాల్‌మార్క్, నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ సంగతి రెండు వాక్యాల్లో ముగించు, అందరికీ తెలిసిందే.

మన తప్పు కూడా రాయి. ఒకసారి ఒక గిరాకీ గాజులకు అతుకు వేసే టంకం ఎక్కువైంది. వాళ్లు కరిగించబోతే మచ్చు, అంటే బంగారం నాణ్యత, తగ్గింది. మీ తాత ఒక్క మాట అనకుండా కొత్త గాజులు చేయించి, వాళ్లింటికే వెళ్లి ఇచ్చొచ్చాడు. గీటురాయి మీద ఆ గీతలు నాకు తనే చూపించాడు: మంచి బంగారం గీత పచ్చగా, పక్కన ఆ గాజుల గీత కాస్త ఎర్రగా.

తిరుమల కొండ మీద నిలువుదోపిడీ (ఒంటి మీది నగలన్నీ) ఇచ్చి దిగిన ఆడవాళ్లు మన కొట్టుకు వచ్చేవాళ్లు. మెడలో పసుపుతాడు, చెవుల్లో వేపపుల్లలు. ఒకామె కొంగుముడి విప్పి, చిల్లరంతా గాజు పలక మీద పోసి, రెండు బంగారు గుండ్లు అడిగింది. డబ్బు చాలలేదు. మీ తాత తూచి ఇచ్చేసి, బాకీ చిట్టాలో ‘కొండ నుంచి వచ్చిన అమ్మ’ అని రాశాడు. ఆ పేజీ వెతుకు, ఉంటుంది.

తాకట్టు పుస్తకం మాత్రం ముట్టొద్దు. ఆ ఇళ్ల మనవళ్లు ఇప్పటికీ మన గిరాకీలే.

ముందు మీ జేజిని కలువు. ఏ నగ ఎవరి పెళ్లిదో ఆమెకే గుర్తు. మధ్యాహ్నం రెండింటిలోపు రా, తర్వాత నిద్రపోతుంది.