ఫీలిక్స్ నేనే అనుకున్నాను

‘ది ఆడ్ కపుల్’ అనే పాత అమెరికన్ హాస్య ధారావాహికను ఒకప్పుడు చూసి నవ్వుకున్నవారికి ఇప్పుడు మళ్లీ చూస్తే అంతే నవ్వు వస్తుందా, లేక పాతబడిపోయిందనిపిస్తుందా అని అడిగారు. నేను దీనిని రెండుసార్లు పూర్తిగా చూశాను. మొదటిసారి 2011లో, బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మిత్రుడొకడితో కలిసి అద్దె ఇంట్లో ఉన్నప్పుడు. రెండోసారి నిరుడు వానాకాలంలో, ఇదే ఊళ్లో, పెళ్లీ పిల్లలూ అయ్యాక. నవ్వు తగ్గలేదు. అయితే మొదటిసారి ఎవరిని చూసి నవ్వానో, రెండోసారి వారిని చూసి నవ్వలేకపోయాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. నీల్ సైమన్ 1965లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేకు రాసిన నాటకం 1968లో సినిమా అయింది. దాని ఆధారంగా గ్యారీ మార్షల్, జెర్రీ బెల్సన్ రూపొందించిన ధారావాహిక 1970 సెప్టెంబరు నుంచి 1975 మార్చి వరకు ఏబీసీ అనే అమెరికా టీవీ ఛానల్‌లో 114 ఎపిసోడ్లుగా వచ్చింది. భార్య ఇంట్లోంచి పంపించేసిన ఫోటోగ్రాఫర్ ఫీలిక్స్ ఉంగర్ దుమ్ము కనపడితే నిద్రపోలేడు. అతనికి ఆశ్రయమిచ్చిన క్రీడా విలేఖరి ఆస్కర్ మాడిసన్ ఆ దుమ్ములోనే హాయిగా నిద్రపోతాడు. ఫీలిక్స్‌గా టోనీ రాండల్, ఆస్కర్‌గా జాక్ క్లగ్మన్ నటించారు.

బెంగళూరులో అద్దెకున్నవారికి ఈ కథ ఎందుకు పట్టేస్తుందో చెప్పాలంటే అడ్వాన్సు సంగతి చెప్పాలి. అప్పట్లో ఇక్కడ ఇల్లు కావాలంటే పది నెలల అద్దె ముందే ఓనరు చేతిలో పెట్టాలి. మేమిద్దరం చెరిసగం వేసుకొని పెట్టాము. ఎవరికైనా కోపమొచ్చి వెళ్లిపోతానంటే, రెండోవాడు ఐదు నెలల అద్దె అతనికి తిరిగి ఇచ్చుకోవాలి, లేదా అంత సొమ్ము పెట్టగలిగిన మూడోవాడిని వెతికి తేవాలి. కాబట్టి ఎంత పోట్లాడుకున్నా రాత్రికి ఆ ఇంటికే చేరేవాళ్లం. తెర మీద వాళ్లిద్దరినీ విడాకులు కలిపి ఉంచితే, మమ్మల్ని అడ్వాన్సు కలిపి ఉంచింది. మాజీ భార్య బ్లాంచ్‌కు మరో పెళ్లి కుదిరిందని, ఇక భరణం కట్టనక్కర్లేదని ఆస్కర్ పొంగిపోయే ఎపిసోడ్ చూసినప్పుడు, ఓనరు అడ్వాన్సు వెనక్కిచ్చినట్టు మేమిద్దరం చప్పట్లు కొట్టాము. (ఆ బ్లాంచ్‌గా నటించిన బ్రెట్ సోమర్స్ నిజజీవితంలోనూ క్లగ్మన్ భార్యే.)

నా మిత్రుడిది నంద్యాల, నాది రాజమండ్రి. నాకన్నా రెండేళ్లు చిన్నవాడు కాబట్టి ‘అన్నా’ అనేవాడు. వాడు తడి తువ్వాలును ఏకైక ప్లాస్టిక్ కుర్చీ వీపు మీద ఆరేసేవాడు. నేను దానిని తీసి డాబా మీది తీగకు వేసి, క్లిప్పు పెట్టి, కిందికి వచ్చి, కుర్చీని పొడిగుడ్డతో తుడిచేవాణ్ని. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి గనుక డ్రమ్ము నింపడం వాడి వంతు, పొదుపుగా వాడడం నా వంతు అని గోడమీద కాగితం అంటించాను. ఒక ఆదివారం వాడు తింటుండగానే కంచం చుట్టూ గచ్చు తుడుస్తున్నాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, ‘అన్నా, నువ్వు ఇల్లు తుడుస్తాండావా, నన్ను తుడుస్తాండావా?’ అన్నాడు. ఆ వారమే మా బంధువొకరు అమెరికా నుంచి తెచ్చిన డీవీడీలు మొదలుపెట్టాము. ఫీలిక్స్ కనపడగానే వాడు నా వైపు వేలు చూపించి పగలబడి నవ్వాడు. నేనూ ఒప్పుకున్నాను; లోపల కొంత గర్వపడ్డాను కూడా. శుభ్రత తెలిసినవాణ్ని అనే గర్వం.

రెండోసారి చూసినప్పుడు ఆ గర్వం నిలవలేదు. ఫీలిక్స్ నస పెట్టడం ఒక్కటే నాకు అప్పట్లో కనపడింది. అతను వండుతాడు, ఎదుటివాడి చొక్కా ఇస్త్రీ చేస్తాడు. ఆస్కర్‌కు కడుపులో పుండు పడినప్పుడు పథ్యం పెట్టి ప్రాణం తీసినంత పని చేస్తాడు గానీ, పక్కనుంచి కదలడు. నేను మా ఇంట్లో వండిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. గుత్తివంకాయ చేసేదీ వాడే, ఉగ్గాని చేసేదీ వాడే. ఆ తర్వాత పొయ్యి మీద అంటిన నూనెను చూసి గొణిగేది మాత్రం నేను. 2012లో నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నప్పుడు, వాడు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి జావ కాచి, నేను లేచి చీపురు పట్టుకుంటానేమోనని గచ్చు కూడా తుడిచి, అప్పుడు పడుకునేవాడు. గచ్చు సరిగ్గా ఆరలేదని ఆ నీరసంలోనూ ఒకరోజు అన్నాను. గురివింద గింజ సామెత నా కోసమే పుట్టినట్టుంది. ఇద్దరిలో ఫీలిక్స్ ఎవరో మేము మొదటి రోజే తప్పుగా పంచుకున్నాము.

నటన విషయానికి వస్తే, మొదటిసారి నా కళ్లు రాండల్ మీదే ఉన్నాయి. అతని పనంతా బయటికి కనపడుతుంది: ముక్కు దిబ్బడ వదిలించుకోవడానికి చేసే ఆ వింత శబ్దం, కోర్టు ఎపిసోడ్‌లో ‘అస్యూమ్’ (ఊహించుకోవడం) అనే ఇంగ్లీషు మాటను నల్లబల్ల మీద మూడు ముక్కలు చేసి సాక్షికి పాఠం చెప్పే తీరు. ఈసారి క్లగ్మన్‌ను చూశాను. ఫీలిక్స్ చెప్పేది అతను వింటాడు. వింటూ ఉండగా మెల్లగా మొహం మారుతుంది. నవ్వు అక్కడ పుడుతుంది. ‘పాస్‌వర్డ్’ అనే నిజమైన ఆటల కార్యక్రమంలో ఇద్దరూ జంటగా ఆడే ఎపిసోడ్‌ను దీని కోసమే చూడండి. ‘పక్షి’ అనే మాటను ఆస్కర్ చేత చెప్పించడానికి ఫీలిక్స్ ఇచ్చే ఆధారం ‘అరిస్టోఫనీస్’. ఆ గ్రీకు నాటకకర్త పక్షుల మీద నాటకం రాశాడన్నది లోకంలో అందరికీ తెలిసిన విషయమని అతని నమ్మకం. ఆ క్షణంలో క్లగ్మన్ మొహం చూసి నేను వీడియోను వెనక్కి తిప్పి మరోసారి చూశాను.

పాతబడినవి ఉన్నాయి, దాచడమెందుకు. మొదటి సీజన్ ఒకే కెమెరాతో తీసి, తర్వాత అతికించిన నవ్వులతో వచ్చింది. ఆ నవ్వులు చెవికి గుచ్చుకుంటాయి. రాండల్‌కు కూడా అవి గిట్టేవి కావు. రెండో సీజన్ నుంచి మూడు కెమెరాలతో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి తీయడం మొదలుపెట్టారు. ఇద్దరూ రంగస్థలం నుంచి వచ్చినవారు కావడంతో తేడా వెంటనే తెలుస్తుంది. క్లగ్మన్ అయితే బ్రాడ్వేలో వాల్టర్ మాథౌ తర్వాత ఆస్కర్ పాత్రను పోషించినవాడు. ఆడవాళ్ల పాత్రల్లో చాలావాటికి వచ్చి నవ్వి వెళ్లడం తప్ప పని లేదు. మా ఆవిడ నాలుగో ఎపిసోడ్‌కే లేచి వెళ్లిపోయింది, నేను ఆపలేదు. కాబట్టి రెండో సీజన్‌తో మొదలుపెట్టి, ఇష్టం కలిగితే మొదటిదానికి రండి. డీవీడీల్లో కొన్నిచోట్ల పాటలు కోసేశారు. ఫీలిక్స్‌కు సంగీతం పిచ్చి గనుక ఆ కోతలు బాధిస్తాయి.

తెర వెనక కథ తెలిశాక చూడడం వేరు. 1989లో గొంతు క్యాన్సర్ శస్త్రచికిత్సలో క్లగ్మన్ ఒక స్వరతంత్రిని పోగొట్టుకున్నాడు. ఇక నటన లేదనుకున్నవాడిని రాండల్ పట్టుబట్టి మళ్లీ రంగస్థలం ఎక్కించాడు. 1991లో రాండల్ నెలకొల్పిన నాటక సంస్థ సహాయార్థం ఇద్దరూ కలిసి ఇదే నాటకాన్ని బ్రాడ్వేలో ఆడారు.

చివరి ఎపిసోడ్‌ను మాత్రం ముందే చూడకండి. ఫీలిక్స్ తన భార్య గ్లోరియాను మళ్లీ పెళ్లాడి ఇల్లు విడిచి వెళ్తూ, ఆస్కర్‌కు గౌరవంగా చెత్తబుట్టను నేలమీద బోర్లిస్తాడు. దానిని తాను ఎత్తడమే తిరుగు గౌరవమని ఆస్కర్ మాటిస్తాడు. ఇద్దరూ వెళ్లిపోయాక తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. వాడు ఎత్తడని తనకు తెలుసంటూ ఫీలిక్స్ ఒక్కడే లోపలికి వచ్చి, ఆ చెత్తను తానే ఎత్తుతాడు. నిరుడు అది చూసిన రాత్రి నంద్యాలవాడికి ఫోన్ చేశాను. ఎత్తగానే, ‘ఏమన్నా, ఈ టైంలో? జరం గానీ వచ్చిందా?’ అన్నాడు.