ప్యూర్టోరికో హోదాపై సలహాదారుల నివేదికకు ఎంత బలం ఉంటుంది?

నల్లగొండలో గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది: అమెరికా అధ్యక్షుడు నియమించిన కార్యదళం, అమెరికా ఏలుబడిలో ఉన్నా దాని రాష్ట్రం కాని ప్యూర్టోరికో దీవి హోదాను సమీక్షించింది కదా, ఆ నివేదికతో హోదా మారుతుందా?

మారదు. 1898 యుద్ధంతో స్పెయిన్ నుంచి అమెరికా చేతికి వచ్చిన ఈ దీవి ప్రజలకు 1917లో పౌరసత్వం, 1952లో సొంత రాజ్యాంగం లభించినా, అక్కడ నివసిస్తున్నంత కాలం వారు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయలేరు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభలో వారి ఏకైక ప్రతినిధికి బిల్లుల తుది ఆమోదంపై ఓటు లేదు. 2000 డిసెంబరులో క్లింటన్ ఏర్పాటు చేసిన కార్యదళం 2005, 2007, 2011లలో నివేదికలు ఇచ్చింది. హోదా మార్చే అధికారం అమెరికా కాంగ్రెస్‌దేనని చెబుతూ, ముందు ప్రస్తుత స్థితిలో కొనసాగాలా వద్దా అని, ఆ తరువాతే రాష్ట్రమా స్వాతంత్ర్యమా అని ప్రజలను అడగాలని మొదటి నివేదిక సూచించింది.

2012 నవంబరులో దాదాపు ఇదే తీరున రెండు ప్రశ్నలను ఒకే బ్యాలెట్‌పై అడిగారు. ప్రస్తుత హోదా వద్దని 54 శాతం మంది చెప్పారు. రెండవ ప్రశ్నలో చెల్లిన ఓట్లలో 61 శాతం రాష్ట్ర హోదాకే పడినా, దాదాపు 5 లక్షల మంది ఆ భాగాన్ని ఖాళీగా వదిలేయడంతో ఫలితంపై వివాదం రేగింది. 2020లో 52 శాతం మంది రాష్ట్ర హోదా కోరినా కాంగ్రెస్ అందుకు చట్టం చేయలేదు.

మన శ్రీకృష్ణ కమిటీ కూడా 2010 డిసెంబరులో ఆరు మార్గాలు సూచించింది గానీ, తెలంగాణ ఏర్పడింది రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు చేసిన చట్టంతోనే. అయితే ఆ సభలో మనకు ఓటు హక్కున్న ఎంపీలు ఉన్నారు. ప్యూర్టోరికో వారికి అదీ లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.